అక్షరానికి నాలుగు పౌన్లు

కాల్డర్ ఏటి పక్కన మా షెడ్డు.
పలకరాయి, ఇసుకరాయి, తడి దుమ్ము.
అక్షరానికి నాలుగు పౌన్లు తీసుకుంటాను,
చుక్కకి రెండు.
చావు ఎప్పుడూ బేరమాడదు
చావు తరఫున వచ్చినవాళ్ళు ఆడతారు.

లాటిన్ అయితే చవకని వీళ్ళ నమ్మకం.
'నేను', 'మేము' క్రియ తోకలోనే ముడుచుకుంటాయిట,
మూడు మాటలు ఒక్క మాటలో సర్దుకుంటాయిట.
తీరా చూస్తే ఆ ఒక్కటే మూడింటంత పొడుగు.
నేనేం చెప్పను. ఉలి నూరుకుంటాను.

గురువారం సాయంత్రం చీటీలన్నీ జేబులో కుక్కుకుని
కొండెక్కి మిస్ సట్‌క్లిఫ్ ఇంటికి వెళ్తాను.
నలభై ఏళ్ళు బళ్ళో లాటిన్ చెప్పిన మనిషి.
ఇప్పుడు వినడానికి మిగిలింది
నేనూ, ఒంటికన్ను పిల్లీ.

ఆదివారం ఫుట్‌బాల్ జట్టుకి జెండా మీద 'ఈసారైనా' కావాలి.
'నుంక్ సాల్తెం' అని రాసి
నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకుంది.

మాంసం కొట్టు కుర్రాడికి మోచేతి మీద పచ్చబొట్టు, 'భయం లేకుండా'.
తప్పు పోతే చెరగదు కదా, అని అడగమన్నాడు భయంగా.
"చర్మం మీద తప్పు నీతోనే పోతుంది నాయనా,
రాయి మీద తప్పు నువ్వు పోయాక కూడా ఉంటుంది," అంది,
నావైపు చూస్తూ.

మిసెస్ ఫెదర్‌స్టోన్, మొగుడి పేర వేసే బెంచీకి
'కెటిల్ పెట్టు' చాలంది.
రోములో కెటిల్ లేదు, టీ అసలే లేదు.
వెతగ్గా వెతగ్గా ఒక కంచు గుండిగ దొరికింది,
పటాలానికంతా గంజి కాచేటంత.
"పరవాలేదు," అందావిడ, "ఆయన తాగేదీ అంతే."

ఏ చీటీ అయినా
కప్పులో టీ చల్లారే లోపే తేలిపోయేది.

నవంబరులో ఒకాయన వచ్చాడు,
బస్సు డ్రైవరు యూనిఫాంలోనే,
ఇంజన్ ఆపకుండా బయట నిలిపి.
కాగితం మీద ఒక్కటే మాట: 'ఎదురుచూసిన'.
దాని వెనక పేరు లేదు.
లాటిన్‌లో ఎందుకని అడిగాను.
"మన భాషలో అయితే చూసినప్పుడల్లా చదివేస్తాను.
అందులో అయితే
ఊరికే చూస్తాను."

మిస్ సట్‌క్లిఫ్ కలం మూత తీసింది.
"బాబా, పాపా? మాట చివర మారుతుంది.
మగపిల్లాడయితే ఉస్, ఆడపిల్లయితే ఆ."
మర్నాడు బస్టాండుకి వెళ్ళి అడిగి వచ్చాను.
పదిహేను వారాలే. తెలీదట.
చెప్తామన్నారట ఆస్పత్రివాళ్ళు,
వీళ్ళు వద్దన్నారట.

మూడో దారి ఒకటుంది ఆ భాషలో,
అటూ ఇటూ కానివాటికి.
"అది గిన్నెలకీ గోడలకీ," అని
కలం మూత పెట్టేసింది.
టీ చల్లారింది. మీగడ కట్టింది.
నలభై ఏళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన తోకలన్నీ
ఆమె పెదాల మీద కదలడం చూశాను, చప్పుడు లేకుండా.

మూడు రోజుల తర్వాత తనే కొండ దిగి వచ్చింది,
వానలో, పిల్లి బొచ్చంటిన కోటుతో.
"బిడ్డని వర్ణించడం మానేశాను.
ఎదురుచూసింది ఎవరు? వాళ్ళు.
వాళ్ళ చేతే చెప్పిద్దాం."

TE EXSPECTABAMVS
నీ కోసం చూస్తూ ఉన్నాం.

'చూశాం' కాదట. చూస్తూ ఉన్నాం.
ఆ కాలానికి ముగింపు గీత ఉండదట.
'నువ్వు' అంటే చాలట,
ఏ భాషలోనూ 'నువ్వు'ని
బాబా పాపా అని అడగరు, అంది.
అడిగే భాషలున్నాయని తర్వాతెవరో అన్నారు.
ఆమెకి చెప్పలేదు.

రెండూ పదమూడూ, పదిహేను అక్షరాలు.
యూ ఒంపు చెక్కను, పాతవాళ్ళలాగే వీ వేస్తాను,
ఉలికి రెండు తిన్నని దెబ్బలు.
ఎక్స్ దగ్గర ఆగాను.
"దీంట్లోనే ఎస్ పలుకుతోంది కదా,
పక్కన ఇంకో ఎస్ ఎందుకు? తీసేస్తే నాలుగు పౌన్లు తగ్గుతాయి."
"తీసేసిన రాళ్ళున్నాయి," అంది.
చాలాసేపు పలక మీది తడి చూసింది.
"వినపడదు. ఉండనీ."

పద్నాలుగు అక్షరాలకే బిల్లు రాశాను.
ఆయన లెక్కపెట్టుకోలేదు.
వేలితో ఒక్కొక్క గాడీ తడుముకుంటూ పోయి
ఆ ఎస్ దగ్గర ఒకసారి ఆగి
ముందుకి వెళ్ళాడు.
బయట బస్సు ఇంకా ఊగుతోంది,
లోపల ఎవరూ లేరు, లైట్లన్నీ వెలుగుతున్నాయి.